యోసెమిటీ వెళ్తున్న మేనల్లుడికి

చిన్నా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. నువ్వు స్నేహితులతో కలిసి యోసెమిటీ కొండల్లో గుడారాలు వేసుకుని ఉంటావని తెలిసినప్పటి నుంచి ఆవిడకు కంటి మీద కునుకు లేదట. "అక్కడ ఎలుగుబంట్లుంటాయట వదినా, వాణ్ణి వద్దనండి" అంది. నేను వద్దనను. వెళ్ళమనే అంటాను. ఈ దేశంలో ఏళ్ళ తరబడి ఉండి కూడా వారాంతాల్లో మాల్స్, పుట్టినరోజు విందులు తప్ప ఇంకేమీ చూడనివాళ్ళని చూస్తే నాకు దిగులేస్తుంది. నీకు ఈ కోరిక పుట్టినందుకు సంతోషంగా ఉంది. అయితే వెళ్ళేముందు ఈ అత్త చెప్పే నాలుగు మాటలూ ఓపిగ్గా చదువు. నీతో వచ్చే పిల్లల చేత కూడా చదివించు.

మీరు నడవబోయే దారి చూశాను. టువాలమీ మెడోస్ దగ్గర మొదలుపెట్టి, రాఫర్టీ క్రీక్ వెంట వోగెల్‌సాంగ్ దాకా ఎక్కి, కనుమ దాటి, మెర్సెడ్ లేక్ మీదుగా దిగి, నెవాడా, వెర్నల్ జలపాతాల పక్కనుంచి లోయలోకి. 30 మైళ్ళకు కాస్త అటూ ఇటూ. మంచి దారే ఎంచుకున్నారు. ఆ దారిలో నడిచినదాన్ని కాబట్టి ఒక సంగతి ముందే చెప్తాను. మీ అమ్మ భయపడుతున్న ఎలుగుబంటి వల్ల మీకు జరిగే చెడు కంటే, మీ వల్ల దానికి జరిగే చెడే ఎక్కువ. మీరు నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి: నీళ్ళు, మబ్బులు, ఎత్తు, ఆ పైన మీలో మీకుండే మొహమాటం.

ముందు ఎలుగుబంటి సంగతే చెప్తాను. యోసెమిటీలో ఉన్నవి నల్ల ఎలుగులు. రంగు నలుపే కానక్కర్లేదు, గోధుమ రంగువే ఎక్కువ కనిపిస్తాయి. మనుషుల మీద పడే గ్రిజ్లీ ఈ రాష్ట్రంలో వందేళ్ళ కిందటే అంతరించింది, ఇప్పుడు కాలిఫోర్నియా జెండా మీద బొమ్మగా మిగిలింది. యోసెమిటీ చరిత్రలో నల్ల ఎలుగు చేతిలో చనిపోయినవాళ్ళు లేరు. మనుషుల తిండికి అలవాటుపడి, భయం పోయి, చివరికి పార్కువాళ్ళే చంపాల్సి వచ్చిన ఎలుగులు మాత్రం చాలానే ఉన్నాయి. 1920లలో ఆ పార్కులోనే మిగిలిపోయిన తిండిని ఒకచోట పోసి, దీపాలు పెట్టి, ఎలుగులు తినడాన్ని యాత్రికులకు వినోదంగా చూపించేవారు. అలా నేర్పిన రుచి తరాల పాటు వాటిని వదల్లేదు. 1998 ఒక్క సంవత్సరంలోనే కార్ల అద్దాలు పగలగొట్టడం, డేరాలు చింపడం లాంటి ఘటనలు పదిహేను వందలు దాటాయి. ఆ తర్వాత ఇనప పెట్టెలు పెట్టి, గట్టి డబ్బాలు తప్పనిసరి చేసి, రాత్రిళ్ళు కాపలా తిరిగి, ఆ సంఖ్యను పదో వంతు కంటే తక్కువకు దించారు. ఈ నియమం వెనక ఇంత కథ ఉంది. కాబట్టి రేంజర్ ఆ డబ్బా ఉందా అని అడిగినప్పుడు విసుక్కోకు.

బేర్ కానిస్టర్ అంటారు దాన్ని. చూడ్డానికి చిన్న పీపాలా ఉంటుంది. ఖాళీ డబ్బాయే కేజీ పైచిలుకు తూగుతుంది. సంచీలో పెడితే వీపుకు ఒత్తుకుంటుంది, అందరూ తిట్టుకుంటూనే మోస్తారు. తిండి మూట కట్టి చెట్టుకొమ్మకు వేలాడదీస్తామంటే అక్కడ కుదరదు, అది నిషేధం. ఎలుగులు ఆ విద్య ఎప్పుడో నేర్చేసుకున్నాయి, తాడు కొరికి మూట దించుకుంటాయి. వాసన వచ్చేదంతా డబ్బాలోకి వెళ్ళాలి: తిండి ఒక్కటే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, సన్‌స్క్రీన్, పెదాలకు రాసుకునే బామ్, తినేసిన చాక్లెట్ కాగితం, మీ అమ్మ తప్పకుండా పెట్టే కొబ్బరినూనె సీసా కూడా. రాత్రి మూత బిగించి, గుడారానికి దూరంగా, చదునైన నేల మీద, దొర్లితే నీళ్ళలోకో లోయలోకో పోనిచోట పెట్టండి. దానికి తాడు కట్టకండి, పట్టుకుని లాక్కుపోవడానికి తాడు దొరికితే ఎలుగుకు అంతకన్నా ఏం కావాలి? పగలు కూడా తిండి చేతికందే దూరంలో లేదంటే డబ్బాలో ఉండాల్సిందే. బయల్దేరేచోట కారు ఆపినప్పుడు లోపల ఏమీ ఉంచకండి. సీటు కింద రాలిన చేగోడీ ముక్క వాసన కూడా దానికి తెలుస్తుంది. అక్కడే ఇనప పెట్టెలుంటాయి, అన్నీ వాటిలో పెట్టేసి వెళ్ళండి.

ఎలుగు దూరంగా కనిపిస్తే ఆగి, చూసి, దాని దారిన దాన్ని పోనివ్వండి. కనీసం యాభై గజాల దూరం ఉండాలి. మీ మకాం వైపు వస్తుంటే అందరూ ఒకచోట చేరి గట్టిగా అరవండి, గిన్నెలు కొట్టండి. పరిగెత్తకండి. దాని చేతికి చిక్కిన తిండిని తిరిగి లాక్కోవాలని చూడకండి.

ఆ డబ్బాలో ఏం పట్టుకెళ్ళాలన్నది మన వాళ్ళకు ఎవరూ సరిగ్గా చెప్పరు. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను. వోగెల్‌సాంగ్ పది వేల అడుగుల ఎత్తు. అక్కడ నీళ్ళు తొంభై డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. కళపెళా పొంగుతుంటాయి కానీ వాటిలో వేడి ఉండదు. కందిపప్పు గంటసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది, ఈలోగా గ్యాస్ డబ్బా అయిపోతుంది. బియ్యమూ అంతే, పైన ముద్ద, లోపల గింజ. కుక్కర్ మోసుకుపోవడం ఎవరి వల్లా కాదు. అందుకని ఉడకాల్సినవి ఇంటి దగ్గరే వదిలెయ్యండి. అటుకులు పట్టుకెళ్ళండి, వేడినీళ్ళు పోసి మూతపెడితే చాలు. బొంబాయి రవ్వను ఇంట్లోనే తాలింపు, జీడిపప్పుతో సహా నేతిలో దోరగా వేయించి జిప్ సంచుల్లో పోసుకోండి, అక్కడ మరిగే నీళ్ళలో పోసి కలిపితే ఉప్మా అయిపోతుంది. కందిపొడి, కరివేపాకు పొడి పట్టుకెళ్ళండి. సున్నుండలకు మించిన కొండ తిండి లేదు: చిన్నది, బలమైనది, పాడవదు, నలిగినా ఫర్వాలేదు. పులిహోర మొదటి మధ్యాహ్నానికి మాత్రమే. ఆవకాయ సీసా మాత్రం వద్దు. నూనె ఒలికితే గుడ్డలు, సంచీ, గుడారం అన్నీ ఆ వాసనే. తర్వాత ఎన్ని డబ్బాలు బిగించినా లాభం లేదు. గాజు సీసాలు అసలే వద్దు. అట్టపెట్టెలన్నీ ఇంట్లోనే పారేసి, తిండిని పల్చటి సంచుల్లోకి మార్చి, డబ్బాలో అణిచి అణిచి సర్దండి. మొదటి పూట తినేది పైన ఉండాలి. ఒక మనిషికి నాలుగైదు రోజుల తిండి అందులో సుఖంగా పడుతుంది. మొదటిసారి సర్దేటప్పుడు మాత్రం సగమే పడుతున్నట్టు అనిపిస్తుంది.

ఇక పర్మిట్ సంగతి. లోపల రాత్రి ఉండడానికి పార్కు ఇచ్చే ఆ కాగితం మీద ఏ రోజు, ఏ దారిలో లోపలికి వెళ్తామని రాశారో ఆ రోజు, ఆ దారిలోనే వెళ్ళాలి. ఒక్కో దారికి రోజుకు ఇంతమందే అని లెక్క ఉంది. పార్కులో దాదాపు తొంభై అయిదు శాతం నేలను 1984లో చట్టప్రకారం వనప్రాంతంగా ప్రకటించారు. 1964 నాటి చట్టం అలాంటి చోట్ల రోడ్లు వెయ్యనివ్వదు, మోటార్లు తిరగనివ్వదు. అక్కడికి నడిచివచ్చినవాడికి ఆ నిశ్శబ్దం దొరకాలన్నదే ఆ లెక్క వెనకున్న ఉద్దేశం. మీవాళ్ళలో ఎవరో డ్రోన్ తెస్తానన్నారట, ఇంట్లో పెట్టి రమ్మను, అక్కడ నిషేధం. పాటల స్పీకరూ వద్దు. మీకు ఇష్టమైన పాట పక్క గుడారంలో పడుకున్నవాళ్ళకు ఇష్టం కానక్కర్లేదు.

టువాలమీ నుంచి నాలుగు మైళ్ళు నడిచాకే మొదటి రాత్రి మకాం వెయ్యాలన్నది ఇంకో నియమం. ఎక్కడ వేసినా నీటికీ దారికీ వంద అడుగుల అవతల ఉండాలి. సరస్సు ఒడ్డున పచ్చగా మెత్తగా కనిపించే గడ్డి మీద వేసుకోవాలనిపిస్తుంది. వెయ్యకండి. ఆ ఎత్తులో వేసవి కొన్ని వారాలే, నలిగిన గడ్డి కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. బండ మీదో, ఇసుక నేల మీదో, ఇదివరకే ఎవరో వేసి గట్టిపడిన చోటో చూసుకోండి. ఒడ్డున దోమలూ ఎక్కువే, జూలైలో అయితే చెప్పనే అక్కర్లేదు.

కాలకృత్యాల సంగతి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను. చిన్న తాపీ లాంటి పార ఒకటి ఉంటుంది, కొనుక్కోండి. నీటికీ దారికీ మకాముకూ వంద అడుగులకు తక్కువ కాకుండా వెళ్ళి, అరడుగు లోతున గొయ్యి తీసి, అయ్యాక మట్టి కప్పెయ్యాలి. కాగితం వాడితే అది గోతిలో వెయ్యకూడదు, సంచీలో కట్టి వెనక్కి తెచ్చుకోవాలి. కాగితం మట్టిలో కలవదు, జంతువులు తవ్వి పైకి లాగుతాయి. మన నీళ్ళ అలవాటు అక్కడ చాలా మేలు: ఒక సీసా అందుకోసమే విడిగా పెట్టుకుంటే కాగితం మోసుకొచ్చే పనే ఉండదు. చేతులు కడుక్కోవడమైనా, గిన్నెలు తోమడమైనా వాగులో కాదు. నీళ్ళు ముంచుకుని వంద అడుగులు దూరంగా వచ్చి కడుక్కోవాలి. మట్టిలో కలిసిపోతుందని రాసి ఉన్న సబ్బు కూడా నీళ్ళలో వెయ్యకూడదు. మీరు వాగులో కడిగిన నూనె గిన్నె కింద ఇంకొకరు తాగే నీళ్ళలో చేరుతుంది. ఎంత తేటగా ఉన్నా మీరూ ఫిల్టర్ పట్టకుండానో కాచకుండానో తాగకండి, జియార్డియా అనే క్రిమి కంటికి కనిపించదు. అది పట్టుకుంటే వారాల తరబడి విరేచనాలు.

మంట విషయంలో నేను కఠినంగానే చెప్తాను. 9,600 అడుగుల పైన మంట వెయ్యడం నిషేధం, అంటే వోగెల్‌సాంగ్‌లో లేనట్టే. అక్కడ చెట్లు గిడసబారి ఉంటాయి, ఒక్కో కొమ్మ పెరగడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది, రాలిన పుల్ల కూడా ఆ నేలకు ఎరువు. కిందికి దిగాక అనుమతి ఉన్నచోట కూడా, పాత రాళ్ళ పొయ్యి ఉంటేనే. ఆ వారం నిషేధం ఏమైనా ఉందేమో పర్మిట్ తీసుకునేటప్పుడు అడగండి. నన్నడిగితే అసలు వెయ్యకండి. 2013లో పక్కనున్న అడవిలో ఒక వేటగాడు వేసిన అక్రమ మంట చెయ్యి దాటిపోయి, యోసెమిటీలోకీ పాకి, రెండున్నర లక్షల ఎకరాలకు పైగా తగలబెట్టింది. గ్యాస్ పొయ్యి మీద టీ పెట్టుకుని, దీపాలార్పేసి ఆకాశం చూడండి. మంట ముందు కూర్చుంటే ఆ చుక్కలు కనిపించవు.

ఇక మీరు భయపడాల్సిన వాటి దగ్గరికి వస్తాను. మన ఫ్రీమాంట్ సముద్రమట్టానికి కాస్త పైన. మీరు పొద్దున ఇక్కడ కారెక్కి మధ్యాహ్నానికి టువాలమీలో దిగితే 8,600 అడుగులు. అదే రోజు సంచీ ఎత్తుకుని ఇంకో పదిహేను వందల అడుగులు ఎక్కుతామంటే ఒంటికి పడదు. పర్మిట్ ఉన్నవాళ్ళు ముందు రాత్రి అక్కడి బ్యాక్‌ప్యాకర్ల క్యాంపులో పడుకోవచ్చు. పడుకోండి. ఆ ఒక్క రాత్రి చాలా మేలు చేస్తుంది. తలనొప్పి, వికారం, తిండి సయించకపోవడం ఉంటే ఇక పైకి వెళ్ళకూడదు. తగ్గకపోతే దిగిపోవాలి. మాట తడబడినా, నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా ఒక్క నిమిషం ఆలోచించకండి, చీకటైనా సరే, తోడుండి కిందికి దించండి.

వోగెల్‌సాంగ్ కనుమ 10,600 అడుగుల పైన. అక్కడ తలదాచుకోవడానికి ఏమీ ఉండదు, రాయీ ఆకాశమూ. జూలై, ఆగస్టుల్లో పొద్దున్న నీలంగా ఉన్న ఆకాశం పదకొండింటికి దూదిపింజలు వేస్తుంది, అవి పైకి పైకి పెరుగుతాయి, రెండింటికల్లా ఉరుములు. అందుకే తెల్లారకముందే లేచి, మధ్యాహ్నం కాకముందే కనుమ దాటి చెట్లలోకి దిగెయ్యాలి. దారిలో ఉరుములు పట్టేస్తే శిఖరం మీదో, ఒంటరి చెట్టు కిందో, నీళ్ళ పక్కనో నిలబడకండి. ఒకరికొకరు దూరం జరిగి పల్లంలోకి దిగండి. లిటిల్ యోసెమిటీ వ్యాలీ దాకా వచ్చాక ఎవరో ఒకరు హాఫ్ డోమ్ కొండ ఎక్కుదామంటారు. దానికి అనుమతి విడిగా కావాలి. అనుమతి చేతిలో ఉన్నా, మబ్బు కనిపిస్తే, పట్టుకుని ఎక్కడానికి కట్టిన ఇనప తాళ్ళ దగ్గరికి పోవద్దు. చివరి నాలుగు వందల అడుగులు లక్షల బూట్ల కింద అరిగి నున్నబడ్డ బండ. తడిస్తే కాలు నిలవదు. పైగా చేతిలో ఉన్నది ఇనుము.

నీళ్ళ గురించి రాస్తుంటే నాకు చెయ్యి వణుకుతుంది. దాదాపు ప్రతి వేసవిలోనూ మన పత్రికల్లో ఒక వార్త వస్తుంది: చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలు జలపాతం దగ్గరో, సరస్సులోనో పోయారని. ఆ ఊరు, ఆ తల్లిదండ్రుల ఫోటో, శవం ఎప్పుడొస్తుందన్న ఎదురుచూపు. చదివిన ప్రతిసారీ మీరే గుర్తొస్తారు. ఒక ఏడు నెవాడా ఫాల్ పైన కూర్చుని ఉండగా చూశాను: ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాడు, చెప్పులు విప్పి, ఫోన్ స్నేహితుడి చేతికిచ్చి, ప్యాంటు మడుచుకుని నీళ్ళలోకి దిగుతున్నాడు. నీళ్ళు మోకాలి దాకా కూడా లేవు. అద్దంలా నిలకడగా ఉన్నట్టున్నాయి. వాడి వెనక కొద్ది దూరంలోనే 594 అడుగుల జలపాతం అంచు. నేను తెలుగులోనే కేకేశాను, వాడు తెలుగువాడో కాదో కూడా తెలియదు. వాడు తలెత్తి చూశాడు, నవ్వాడు, వెనక్కి వచ్చాడు. పాదాల కింద బండ సబ్బు రాసినట్టు ఉందని వాడే చెప్పాడు.

అక్కడ రెయిలింగ్ ఉన్నచోట అది దాటకండి, లేనిచోట ఉన్నట్టే అనుకోండి. వెర్నల్ ఫాల్ పైన ఎమరాల్డ్ పూల్ అని పచ్చటి మడుగు ఉంటుంది, ఈత కొట్టాలనిపించేంత అందంగా. అందులో ఈత నిషేధం. దాన్ని దాటిన నీళ్ళు నేరుగా 317 అడుగులు కిందికి దూకుతాయి. 2011 జూలైలో వెర్నల్ ఫాల్ పైన రెయిలింగ్ దాటి నీళ్ళలోకి వెళ్ళిన ముగ్గురు యువతీయువకులు అందరూ చూస్తుండగానే కొట్టుకుపోయారు. ఊరి చెరువులో నేర్చుకున్న ఈత అక్కడ పనికిరాదు. అది మంచు కరిగిన నీరు, నిమిషాల్లో కాళ్ళూ చేతులూ మొద్దుబారిపోతాయి. దారిలో వాగు దాటాల్సి వస్తే పొద్దున్నే దాటండి. ఎండెక్కే కొద్దీ మంచు కరిగి సాయంత్రానికి నీరు పెరుగుతుంది. సంచీ నడుం పట్టీ విప్పేసుకోండి, పడితే సంచీ వదిలెయ్యగలగాలి. బూట్లు విప్పకండి. జలపాతం పైన వాగు దాటే ఆలోచనే వద్దు. దాటగలమా అని సందేహం వచ్చిందంటే దాటకూడదనే.

ఇప్పుడు మొహమాటం. పైన చెప్పిన ప్రతి ప్రమాదంలోనూ ఇది తోడుంటుంది. మడమ ఒరుసుకుపోయి బొబ్బ ఎక్కినా "ఏం లేదు, పదండి" అంటారు మన పిల్లలు. తల పగిలిపోతున్నా నలుగురి సరదా పాడవుతుందని చెప్పరు. వచ్చే వారం ఆఫీసు, పర్మిట్ దొరకడమే కష్టం, ఇంత దూరం వచ్చాం అనుకుని మబ్బును చూస్తూనే ఎక్కుతారు. మీ ఆరుగురిలో ఎవరు వెనక్కి తిరుగుదామన్నా, కారణం అడగకుండా ఆరుగురూ తిరగాలని బయల్దేరేముందే మాట అనుకోండి. అందరికంటే మెల్లగా నడిచేవాళ్ళు ముందు నడవాలి, దారులు చీలినచోట అందరూ కలిసేదాకా ఆగాలి. మీ జట్టులో ఇద్దరు అమ్మాయిలున్నారు కదా, బరువు పంచుకునేటప్పుడూ, మకాం చోటు ఎంచుకునేటప్పుడూ వాళ్ళను అడిగి చెయ్యండి. వాళ్ళు నోరు తెరిచి చెప్పేదాకా ఆగకండి.

ఇక సామాను సంగతి. నూలు బట్టలు తగ్గించండి, తడిస్తే ఆరవు. జూలైలో కూడా పైన రాత్రిళ్ళు గడ్డకట్టే చలి ఉంటుంది. వాన కోటు, ఉన్ని టోపీ, తల దీపం, కాగితం మ్యాపు మనిషికొకటి. ఫోన్లు లోపల పనిచేస్తాయనుకోకండి. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం నా దగ్గర ఉంది, పట్టుకెళ్ళు. అది చేతిలో ఉంది కదా అని సాహసాలు మాత్రం చెయ్యకు. కబురందినా మీ దగ్గరికి మనుషులు చేరడానికి గంటలు పడుతుంది, ఒక్కోసారి రోజు పడుతుంది.

ఒక కాగితం మీద ఇవన్నీ రాసి నాకు పంపు: కారు నంబరు, ఎక్కడ ఆపుతారో, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో, ఆరుగురి పేర్లు, వాళ్ళ ఇళ్ళ నంబర్లు, ఎవరికి ఏ మందు పడదో, ఏ రోజు ఎన్నింటికల్లా నాకు ఫోన్ చేస్తావో. ఆ వేళ దాటితే నేను పార్కుకు ఫోన్ చేసేస్తాను, ఊరికే కంగారు పెట్టావని నువ్వు తర్వాత కోప్పడినా సరే. బయల్దేరేముందు శనివారం ఒకసారి ఇంటికి రా. నా రెండు డబ్బాలూ గరాజ్‌లో తుడిచి పెట్టాను, మూత తియ్యడం కాస్త కష్టం, నీ చేత తీయించి చూస్తాను. కొత్త బూట్లు కొన్నానన్నావు, అవి తొడుక్కునే రా. మిషన్ పీక్ కొండ దాకా నడిచి వద్దాం, ఎక్కడ ఒరుసుకుంటాయో అక్కడే తెలిసిపోతుంది.

మీ అత్త